నాలుగు రేకులు

నిలబడి చూస్తే రెండూ ఒకటే.
ఇసుక మీద పాకే పచ్చని తీగ,
కణుపు దగ్గర గోరంత పువ్వు,
ఉతికి ఉతికి వెలిసిన చీర అంచులా
పలచని ఊదా, నాలుగు రేకులు.
నిలబడి చూసే రోజుల్లో నేను
రెండింటికీ ఒకే పేరు రాశాను.

పంతొమ్మిదేళ్ళయింది.
మంగమారిపేట దాటాక, భీమిలి రోడ్డుకి తూర్పున
అప్పుడింకా దిబ్బలుండేవి.
రావణాసురుడి మీసాలు గాలికి దొర్లుతుండేవి.
మిట్టమధ్యాహ్నం. సీసాలో నీళ్ళు లేవు.
వంగడానికి బద్ధకమేసింది,
ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు.
చీటీ మీద ‘మదనగ్రంథి’ అని రాసి
పక్కన ‘సర్వసాధారణం’ అని చేర్చాను.

చీటీ నకలు ఒక ఫైల్లోకి వెళ్ళింది.
ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి వెళ్ళి
‘అరుదైన మొక్కలేవీ లేవు’ అనే
ఒక్క వాక్యమై బయటికొచ్చింది.
ఆ వాక్యం మీద ఇప్పుడు
కార్లు ఆపుకుంటున్నారు.

మొన్న ఆదివారం చేపలుప్పాడ వైపు,
మిగిలిన దిబ్బ ముక్క మీద,
మోకాళ్ళు ఇసకలో, భూతద్దం కంట్లో.
వల ఆరబెట్టడానికొచ్చిన అరిజిల్లి మసేనమ్మ
నా చుట్టూ ఒకసారి తిరిగింది.
“ఏటి పారేసుకున్నావమ్మా?”
పువ్వు, అన్నాను.
“పూర్ణా మార్కెట్ల దొరకవేటి పువ్వులు?”

చెప్పాను. ఇదిగో ఇది ఎక్కడైనా మొలుస్తుంది,
గట్ల మీద, బడి గోడల పక్కన.
అది మాత్రం కదిలే ఇసకలో తప్ప బతకదు.
రెండూ తుంచి అరచేతిలో పెట్టి చూపించాను.
ఆమె చూడలేదు.
“జోళ్ళిప్పు,” అంది.

ఏప్రిల్ ఇసక. పెనం.
“దీని మీద అడుగెయ్యి. గరుకు, పిల్లి నాలికలాగ.
ఇప్పుడు దీని మీద. సల్లగ లేదా?
ఆకుల నీరుంటాది.
ఏటకెల్లొచ్చి కాళ్ళు కాల్తంటే
మేం ఈటి మీదే నిలబడతాం.”
‘మాంసల పత్రం’ అని
ఏళ్ళ తరబడి పిల్లలకి నోట్సు చెప్పినదాన్ని,
ఆ మాట నా అరికాలికి అప్పుడే అర్థమైంది.

“మరి కాయ?” అన్నాను,
పరీక్ష పెట్టే టీచర్లా, సిగ్గు లేకుండా.
“గరుకుదాని కాయ ఎండితే పగుల్తాది,
గింజలు వలకంటుకుంటాయి, ఏరలేక సస్తాం.
దీనిది పగలదు. బెండు.
నీటి మీద తేలిపోతాది,
ఏ ఒడ్డుకెక్కుతాదో తెల్దు,
మా మావ తెప్పలాగ.”
అక్కడ ఆగి, వల ముడి విప్పడం మొదలెట్టింది.
నేనేమీ అడగలేదు.

కాసేపటికి తనే అడిగింది దీని పేరేటని.
లాటిన్ పేరు పలికాను.
రెండు మాటలూ నోట్లో ఇసక పడ్డట్టున్నాయి.
మీరేమంటారు?
“ఏటీ అనం. అడుగేస్తాం.”

“ఇంతకీ యేరుసేసి ఏటి సేస్తావు?”
నా దగ్గర జవాబుంది, ప్రాజెక్టు కాగితాల్లో,
మూడు పేజీలు. నోటికి రాలేదు.
ఆమే నవ్వింది:
“కవ్వలూ కానాగంతలూ ఒకే గంపల పోసి అమ్మితే
కొన్నోలు నా మొకాన కొట్టరా?”

సాయంత్రం దాకా లెక్కపెట్టాను.
పదకొండు చోట్ల వేళ్ళు దిగాయి.
పదకొండు మొక్కలో,
ఒకే తీగ ఇసక కింద పదకొండుసార్లు మునిగి తేలిందో
తవ్వితేగాని తెలీదు.
తవ్వలేదు.
రిజిస్టర్లో ఆ గడి ఖాళీగా ఉంది.

సోమవారం కాలేజీలో బీరువా తీశాను.
అట్టకి కుట్టిన మొక్క, ఊదా పోయి టీ మరక రంగు.
కాయ ఉంది. పగల్లేదు.
పంతొమ్మిదేళ్ళుగా పగలకుండా చెబుతూనే ఉంది.

పాత చీటీ చింపకూడదు, అది పద్ధతి.
పక్కనే కొత్తది అంటించాలి:
సరైన పేరు, తేదీ, సవరించినవారి సంతకం.
రెండు చీటీలు, ఒకటే చేతిరాత,
రెండోదాంట్లో అక్షరాలు కొంచెం వణికాయి.
జిగురు ఆరేదాకా బొటనవేలు అదిమి ఉంచాను.

అట్ట ఎత్తుతుంటే మడతలోంచి
బల్ల మీద చిటికెడు ఇసక రాలింది.
ఆ దిబ్బదే.
తుడవడానికొచ్చిన అటెండరు కొండయ్యని
రేపు రమ్మన్నాను.